తిరిగితేనే ఎగురుతుంది: అయిదు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు ఆటలతో ఫ్రిస్బీ నేర్పే పద్ధతి

మా బడి మైదానంలో మొదటి రోజు రెండో తరగతి పిల్లవాడొకడి చేతికి ఫ్రిస్బీ, అంటే బోర్లించిన పళ్లెంలా ఉండే ప్లాస్టిక్ డిస్కు, ఇచ్చాను. వాడు నాలుగడుగులు వెనక్కి వెళ్లి, పరుగెత్తుకుంటూ వచ్చి, చేతిని తల మీదుగా తిప్పి, వికెట్లకు గురిపెట్టినట్లు బలమంతా కూడదీసుకుని విసిరాడు. అది గాలిలో రెండు పల్టీలు కొట్టి, పది అడుగులైనా పోకుండానే అంచుతో నేలను గుద్దుకుని పడిపోయింది. వాడు దాన్ని తీసుకొచ్చి, అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది పనిచేయడం లేదు టీచర్" అన్నాడు.

వాడు చెప్పింది నిజమే. తిరగని ఫ్రిస్బీ పనిచేయదు. మన పిల్లల చేతులకు చిన్నప్పటి నుంచి క్రికెట్ బంతి విసురు అలవాటై ఉంటుంది. బంతికి బలం చాలు. డిస్కుకు ముందు తిప్పుడు కావాలి, బలం ఎప్పుడో తరువాత. ఈ ఒక్క సంగతి పిల్లల చేతికి ఎక్కితే మిగతాదంతా వాళ్లే నేర్చుకుంటారు. అందుకే ఈ మార్గదర్శిలో మొదటి రెండు మెట్లలో డిస్కు గాలిలోకి లేవనే లేవదు.

మన భాషలో ఒక చక్కని మాట ఉంది. విసుర్రాయి తిప్పడాన్ని విసరడం అంటాం. విసనకర్ర ఆడించడాన్ని విసరడం అంటాం. రాయి రువ్వడాన్నీ విసరడమే అంటాం. ఫ్రిస్బీకి ఈ మూడు విసుర్లూ కావాలి. అది విసుర్రాయిలా తిరగాలి, దాన్ని వదిలే మణికట్టు విసనకర్ర పట్టిన చేతిలా ఆడాలి, అప్పుడే అది దూరం పోతుంది.

ఎందుకు తిరగాలో పిల్లలకు చెప్పడానికి బొంగరం చాలు. తిరుగుతున్నంతసేపు బొంగరం ములుకు మీద నిలబడి ఉంటుంది, తిప్పుడు తగ్గగానే తూలి పడిపోతుంది. డిస్కు కూడా అంతే. గాలిలో ముందుకు పోతున్నప్పుడు దాని వంపు గాలిని కిందికి మళ్లిస్తుంది, ఆ గాలి దాన్ని పైకి ఎత్తుతుంది. కానీ ఆ ఎత్తుడు సరిగ్గా నడిమధ్యన కాకుండా కాస్త ముందు భాగంలో పడుతుంది. తిప్పుడు లేకపోతే ముందు అంచు పైకి లేచి పల్టీ కొడుతుంది. తిప్పుడు ఉంటే ఒరగకుండా నిలబడుతుంది. ఏడేళ్ల పిల్లలకు ఈ వివరమంతా అక్కర్లేదు, బొంగరం తిప్పి చూపిస్తే అర్థమైపోతుంది. నేర్పేవాళ్లకు మాత్రం తెలిసి ఉండాలి.

సామాను

పెద్దల పోటీల్లో వాడే డిస్కు బరువు 175 గ్రాములు, వ్యాసం 27 సెంటీమీటర్ల పైచిలుకు. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు అది వద్దు. వాళ్ల వేళ్లు దాని అంచు చుట్టూ పూర్తిగా బిగియవు, వేగంగా వచ్చి తగిలితే నొప్పి కూడా ఎక్కువే. 110 నుంచి 140 గ్రాముల మధ్య ఉండి, అంచు మెత్తగా ఉన్న డిస్కు తీసుకోండి. కొనేటప్పుడు రెండు అంచులూ పట్టుకుని నొక్కి చూడండి. కాస్త వంగి, వదలగానే మళ్లీ మామూలు కావాలి. తీర్థాల్లో, సముద్ర తీరాల్లో అమ్మే పలచని గట్టి ప్లాస్టిక్‌వి చవకే, కానీ చిన్న గాలికే కొట్టుకుపోతాయి, పగిలితే అంచు కోసుకుంటుంది. పిల్లవాడు సరిగ్గా విసిరినా అవి సరిగ్గా పోవు. అక్కడే వాడికి ఆట మీద విసుగు మొదలవుతుంది.

ఇద్దరు పిల్లలకు ఒక డిస్కు ఉండాలి. ఇది ఖర్చుతో కూడిన మాటేనని తెలుసు. అయినా పన్నెండు మంది వరుసలో నిలబడి ఒక్క డిస్కు కోసం ఎదురుచూస్తే, అరగంటలో ఒక్కొక్కరికి నాలుగు విసుర్లు కూడా దక్కవు. డిస్కులు తక్కువైతే పేపర్ ప్లేట్లతో చేసుకోవచ్చు. రెండు ప్లేట్లను లోపలి వైపులు ఎదురెదురుగా ఉండేలా బోర్లించి, అంచుల చుట్టూ టేపు అంటించండి. గదిలో, వరండాలో నేర్పడానికి ఇవి ఎంతో బాగుంటాయి, ముఖానికి తగిలినా ఏమీ కాదు. అసలు ఫ్రిస్బీ పుట్టిందే ఇలాంటి వంటింటి సామానుతో. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో ఫ్రిస్బీ అనే ఇంటిపేరుతో ఒక బేకరీ ఉండేది. ఆ బేకరీ రేకు పళ్లేలను కాలేజీ కుర్రవాళ్లు విసురుకుని ఆడేవారు. అటు కాలిఫోర్నియాలో ఫ్రెడ్ మోరిసన్ అనే యువకుడు 1937లో పాప్‌కార్న్ డబ్బా మూతతో మొదలుపెట్టి, కేకు పళ్లేల మీదుగా ప్లాస్టిక్ డిస్కు దాకా వచ్చాడు. 1957లో వామ్-ఓ కంపెనీ ఆ డిస్కును తీసుకుని ఫ్రిస్బీ అని పేరు పెట్టింది. ఇప్పటికీ అది ఆ బొమ్మ వ్యాపార నామమే. పోటీలు ఆడేవాళ్లు డిస్కు అంటారు.

ఇవి కాక కావలసినవి: ఒక పాత చీర, కొంచెం తాడు, ముగ్గుపిండి, ఏడు పెంకులు, నాలుగైదు ఖాళీ నీళ్ల సీసాలు, రెండు పాత సైకిల్ టైర్లు, ఒక బకెట్టు నీళ్లు.

చోటు విషయంలో ఒక్కటే పట్టుబడతాను. డాబా మీద ఆడించవద్దు. డిస్కు పిట్టగోడ దాటితే పిల్లల కళ్లు దాని వెంటే పోతాయి, కాళ్లు కూడా. గడ్డి, ఇసుక, మెత్తని మట్టి నేల మంచివి. కరెంటు తీగల కింద వద్దు. ఎండాకాలంలో పొద్దున ఎనిమిదిన్నర లోపు, లేదా సాయంత్రం అయిదు దాటాక ఆడించండి. కోస్తా ఊళ్లలో మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి పుంజుకుంటుంది కాబట్టి అక్కడ పొద్దుటి పూటే మేలు. గాలి ఏ కొంచెం ఉన్నా అది పిల్లల వీపు వైపు నుంచి వీచేలా నిలబెట్టండి. ఎదురుగాలికి డిస్కు లేచిపోయి తలకిందులవుతుంది.

మొదటి మెట్టు: దొర్లించడం

టైరు దొర్లించడం ఎవరూ నేర్పకుండానే వస్తుంది. డిస్కును కూడా మొదట అలాగే ఇవ్వండి. ఇద్దరేసి పిల్లలు అయిదడుగుల దూరంలో ఎదురెదురుగా కూర్చుంటారు. ఒకరు డిస్కును నిలువుగా నేల మీద ఆనించి, మణికట్టుతో తిప్పి వదులుతారు. అది చక్రంలా దొర్లుకుంటూ ఎదుటివారి దగ్గరకు పోవాలి. వాళ్లు దాన్ని రెండు చేతులతో ఆపాలి.

ఇక్కడ తెలియకుండానే రెండు పనులు జరుగుతాయి. తిప్పకపోతే డిస్కు పక్కకు ఒరిగి పడిపోతుంది కాబట్టి తిప్పడం దానంతటదే వస్తుంది. వచ్చేదాన్ని చూస్తూ రెండు చేతులు ముందుకు చాపడమూ అలవాటవుతుంది. నేల మీద వస్తున్నప్పుడు ఎవరికీ భయం ఉండదు. పట్టుకోవడానికి అసలు పునాది ఇదే.

కాస్త కుదిరాక వంతెన ఆట ఆడించండి. పిల్లలంతా కాళ్లు ఎడంగా పెట్టి ఒకరి వెనక ఒకరు నిలబడతారు. వరుస చివర ఉన్నవాళ్లు డిస్కును ఆ కాళ్ల వంతెన కిందుగా ముందుకు దొర్లించాలి. అది ఎక్కడ ఆగితే అక్కడ నిలబడ్డవాళ్లు తీసుకుని వెనక్కి పరుగెత్తుకొచ్చి మళ్లీ దొర్లించాలి. అయిదేళ్ల వాళ్లకు ఈ ఒక్క ఆటే వారం రోజులు సరిపోతుంది. తొందరపడి ఆపకండి.

రెండో మెట్టు: పట్టు, మణికట్టు

పట్టును నేను పిల్లలకు కథలా చెబుతాను. డిస్కును ప్లేటు బోర్లించినట్లు పట్టుకోవాలి. బొటనవేలు ఇంటి కప్పు మీద కూర్చుంది. చూపుడువేలు గోడ వారగా పడుకుంది. మిగతా ముగ్గురూ ఇంటి లోపల దాక్కున్నారు. అంటే బొటనవేలు పైన, చూపుడువేలు అంచు వెంబడి, మూడు వేళ్లు కింద అంచు లోపల. చేయి మరీ చిన్నదైన పిల్లలకు చూపుడువేలు అంచు మీద నిలవదు. వాళ్ల నాలుగు వేళ్లనూ లోపలే దాక్కోనివ్వండి. సరి చేయాలని వేళ్లు పట్టుకుని లాగవద్దు.

ఇక మణికట్టు. దీనికి బకెట్టు నీళ్లే నా పలక. భోజనం చేసి చేయి కడుక్కున్నాక తువ్వాలు దొరకకపోతే చేయి ఎలా విదిలిస్తాం? అదే విసురు. పిల్లలను మైదానం గోడకు మూడడుగుల దూరంలో, కుడి భుజం గోడ వైపు ఉండేలా పక్కకు తిరిగి నిలబెడతాను. చేయి నీళ్లలో ముంచాలి. చేతిని కడుపు మీదుగా ఎడమ పక్కకు తెచ్చి, గోడ వైపు ఒక్కసారి విదిలించాలి. ఎండిన గోడ మీద నీటి చుక్కలు పడతాయి. చేయి మొత్తాన్ని గదలా ఊపినవాళ్ల చుక్కలు నేల మీదా పక్కవాళ్ల మీదా చెదిరిపోతాయి. చివరి క్షణంలో మణికట్టు ఠక్కున విప్పినవాళ్ల చుక్కలు గోడ మీద ఒకే గుంపుగా, జొన్న గింజలు చల్లినట్లు పడతాయి. పిల్లలు తమ చుక్కలను దగ్గరికి వెళ్లి చూసుకుంటారు, పక్కవాళ్ల చుక్కలతో పోల్చుకుంటారు, మళ్లీ బకెట్టు దగ్గరకు పరుగెడతారు. ఆ గోడ ఆరిపోయేలోపు నేను పది వాక్యాల్లో చెప్పలేనిది వాళ్ల చేతికి తెలిసిపోతుంది.

తరువాత విసిరేటప్పుడు చేయి మళ్లీ క్రికెట్ దారి పడితే "నీళ్లు విదిలించు" అన్న రెండు మాటలు చాలు.

ఇదే మెట్టులో ఇంకో చిన్న ఆట చింతగింజల నడక. బోర్లించి పట్టుకున్న డిస్కు మీద అయిదు చింతగింజలు పెట్టి, ఒంటి చేత్తో పట్టుకుని, గీత నుంచి గీత దాకా నడవాలి. గింజలు జారకూడదు. డిస్కును సమంగా పట్టుకోవడం అంటే ఏమిటో దీంతో తెలుస్తుంది. వంపుగా పట్టి విసిరిన డిస్కు ఎటో పోతుందని ముందు ముందు చెప్పాల్సి వచ్చినప్పుడు "గింజలు పడిపోతాయి" అంటే వెంటనే సర్దుకుంటారు.

ఎడమచేతి వాటం పిల్లలను ఎడమచేత్తోనే విసరనివ్వండి. ఇంట్లో పెద్దవాళ్లు కుడిచేయి, కుడిచేయి అని అంటూ ఉంటారు కాబట్టి కొందరు పిల్లలు మన ముందు కూడా బిడియంతో చేయి మార్చేస్తారు. డిస్కును నేల మీద పెట్టి, చెప్పకుండా, ఏ చేత్తో తీసుకుంటారో చూడండి. వాళ్లకు అన్నీ అటూ ఇటూ మార్చి చూపాలి. ఎడమ భుజం గురి వైపు ఉండాలి.

మూడో మెట్టు: చీర గోడ

రెండు చెట్ల మధ్య తాడు కట్టి పాత చీర వేలాడదీయండి. కింది అంచు నేలకు ఒక అడుగు ఎత్తులో ఉంటే చాలు. మొదటి విసుర్లన్నీ దీనిమీదికే. డిస్కు చీరకు తగిలి అక్కడే మెత్తగా జారి పడుతుంది. దూరం పోయిన డిస్కు కోసం పరుగెత్తే పని ఉండదు, ఎదురుగా పట్టుకోవాల్సిన మనిషి లేడు కాబట్టి ఎవరికైనా తగులుతుందేమోనన్న బెదురూ ఉండదు.

మూడడుగుల దూరం నుంచి మొదలుపెట్టండి. భుజం చీర వైపు, అదే వైపు పాదం కాస్త ముందుకు. డిస్కును కడుపు పక్కకు తెచ్చుకుని, నీళ్లు విదిలించినట్లు వదలాలి. వదిలాక చూపుడువేలు చీర వైపు చూపిస్తూ ఉండాలి. "వేలు ఎటు చూస్తే డిస్కు అటు" అని పిల్లలు పాటలా అనుకుంటూ విసురుతారు. చీరకు తగలడం సులువయ్యాక ఒక్కో అడుగు వెనక్కి జరపండి. చీర మీద ముగ్గుపిండితో ఒక పెద్ద సున్నా గీసి దాన్ని కొట్టమనండి.

తప్పులు ఎలా వస్తాయో గమనించడం నేర్పేవాళ్ల పనిలో సగం. కుడిచేతి వాటం పిల్లల సంగతి చెబుతాను, ఎడమచేతి వాళ్లకు కుడి ఎడమలు మార్చుకోండి.

డిస్కు వణుకుతూ పోతే తిప్పుడు చాలలేదు. బకెట్టు దగ్గరకు తీసుకెళ్లండి.

బాగా కుడివైపు పోతే ఆలస్యంగా వదిలారు. ఎడమవైపు పోతే తొందరపడి వదిలారు. రెండింటికీ మందు చూపుడువేలే.

పైకి లేచి, కుడివైపు ఒరిగి, ఆకు రాలినట్లు పడిపోతే వదిలే సమయానికి ఒంటికి దూరంగా ఉన్న అంచు పైకి లేచింది. పిల్లల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే తప్పు ఇదే. దూరంగా ఉన్న అంచును ఒక్క వేలెడు కిందికి దించమనండి. బలం తగ్గించమని కూడా చెప్పండి, ఎందుకంటే భుజంతో లాగినప్పుడే ఆ అంచు లేస్తుంది.

ఒక్కసారికి ఒక్క తప్పే చెప్పాలి. భుజం, వేలు, అంచు, కాలు అన్నీ ఒకేసారి చెబితే పిల్లలు కొయ్యబొమ్మలా బిగుసుకుపోతారు. విసురు బాగా పడినప్పుడు ఏది బాగుందో కూడా చెప్పండి. "భలే" అన్నదానికంటే "ఈసారి మణికట్టు బాగా విప్పావు" అన్నది వాళ్లకు ఎక్కువ రోజులు పనికొస్తుంది.

నాలుగో మెట్టు: పట్టుకోవడం

ఇక్కడ నెమ్మదిగా నడవండి. విసరడం కంటే పట్టుకోవడం పిల్లలకు ఆలస్యంగా వస్తుంది, అది సహజం. చాలామంది పెద్దలు మొదటి రోజే ఎదురుగా నిలబడి పిల్లల మీదికి డిస్కు విసురుతారు. అది ఒక్కసారి ముక్కుకు తగిలితే, తరువాత ఆర్నెల్లపాటు ఆ పిల్ల దగ్గరికి వచ్చిన ప్రతి డిస్కుకూ తల తిప్పుకుంటుంది.

అలా తల తిప్పుకునే పాప ఒకతె మా దగ్గరికి వచ్చింది. ఆరేళ్లుంటాయి. డిస్కు నా చేయి దాటకముందే రెండు కళ్లూ గట్టిగా మూసుకుని, భుజాలు చెవుల దాకా ఎత్తేసేది. నేను విసరడం మానేశాను. ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుని, "చెమ్మచెక్క ఆడదామా?" అన్నాను. ఒక చేయి పైన, ఒక చేయి కింద పెట్టి అడ్డంగా చప్పట్లు కొట్టించాను. తరువాత డిస్కును ఆమె రెండు చేతుల మధ్య నేనే పట్టుకుని, "ఇప్పుడు కొట్టు" అన్నాను. ఠప్పున మూసింది. డిస్కు ఆమె చేతుల్లో ఉంది, నేను వదిలేశాను. మళ్లీ. ఈసారి జానెడు దూరం నుంచి వదిలాను. తరువాత మూరెడు. మూడో రోజుకు బారెడు దూరం నుంచి పేపర్ ప్లేటు డిస్కును మెల్లగా తేలేస్తే, కళ్లు తెరుచుకుని, ఠప్పున పట్టుకుని, చేతుల మధ్య ఉన్నదాన్ని కొంచెం తెరిచి తొంగి చూసింది, పిచ్చుకను పట్టినట్లు.

ఈ రెండు చేతుల చప్పట్ల పట్టే ఎనిమిదేళ్ల లోపు వాళ్లకు చాలు. ఇంగ్లీషులో దీన్ని ప్యాన్‌కేక్ అంటారు, మా పిల్లలకు అది అట్టు పట్టు. ఒక చేయి పెనం, ఇంకో చేయి మూత, మధ్యలో అట్టు. చేతులు ఛాతీకీ బొడ్డుకీ మధ్య ఎత్తులో ఉండాలి, మోచేతులు కాస్త వంగి ఉండాలి. డిస్కు అటూ ఇటూ పోతే చేతులు చాపడం కాదు, కాళ్లు కదపాలి: పొట్టను డిస్కు ఎదురుగా తీసుకెళ్లాలి. ఇది అలవాటైతే ముఖం మీదికి వచ్చేవి చాలావరకు తగ్గిపోతాయి.

రెండు చేతులతో అంచు పట్టుకోవడం ఆ తరువాతి సంగతి. డిస్కు ఛాతీకంటే ఎత్తుగా వస్తే బొటనవేళ్లు కిందికి, నడుముకంటే తక్కువగా వస్తే బొటనవేళ్లు పైకి. ఏడు దాటిన వాళ్లకు చెప్పండి. కళ్లజోడు ఉన్న పిల్లలకు మెత్తని డిస్కు తప్ప వేరేది వాడకండి, జోడుకు వెనక తాడు కట్టించండి.

జతలు వేసేటప్పుడు బాగా విసిరేవాళ్లను భయపడేవాళ్లతో కలపాలని మనసు లాగుతుంది. నా అనుభవంలో అది వేగం వల్ల బెడిసికొడుతుంది. మెల్లగా విసిరేవాళ్లనే వాళ్లకు జతగా ఇవ్వండి. పంటలు వేసుకుని జతలు కడతామని పిల్లలు పట్టుబడితే, ఆ ముచ్చటను ఆటల మెట్టుకు దాచండి.

అయిదో మెట్టు: పాత ఆటల్లోకి డిస్కు

ఇక్కడి నుంచి పిల్లలను ఆపడం కష్టం. తెలిసిన ఆటల్లోకి డిస్కును తీసుకొస్తే నియమాలు నేర్పే సమయం మిగులుతుంది.

అన్నిటికంటే బాగా కుదిరింది ఏడు పెంకులాట. రెండు జట్లు. ఏడు పెంకులు ఒకదాని మీద ఒకటి పేర్చండి. ఒక జట్టువాళ్లు ఎనిమిది అడుగుల గీత మీద నుంచి ఒకరి తరువాత ఒకరు డిస్కుతో దొంతరను కొట్టాలి. దొంతర పడగానే ఆ జట్టే దాన్ని తిరిగి పేర్చాలి. అసలు ఆటలో ఎదుటి జట్టు బంతితో వాళ్లను కొడుతుంది. డిస్కుతో మనుషులను కొట్టించకూడదు. ఆ నియమాన్ని ఇలా మార్చుకున్నాం: ఎదుటి జట్టు డిస్కు తీసుకుని, తమలో తాము విసురుకుంటూ వరుసగా మూడుసార్లు కింద పడకుండా పట్టుకోవాలి. పెంకులు పేర్చడం ముందు పూర్తయితే పేర్చిన జట్టుకు, మూడు పట్లు ముందు పూర్తయితే ఎదుటి జట్టుకు ఒక ఆట. మధ్యలో డిస్కు పడితే లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలు.

ఈ మార్పుతో వచ్చిన లాభం నేను ముందు ఊహించలేదు. హడావుడిగా విసిరితే పట్టు తప్పుతుంది, లెక్క పోతుంది. కాబట్టి పెంకులు చకచకా లేస్తున్నా సరే, నిదానంగా విసిరే జట్టే గెలుస్తుంది. రెండు మూడు ఆటలు ఓడాక పిల్లలే ఒకరికొకరు "మెల్లగా, మెల్లగా" అని అరుచుకోవడం మొదలుపెడతారు. పట్టేవాళ్లు తేలిగ్గా పడుతున్నారంటే ఒక పట్టు పెంచండి, పేర్చేవాళ్లు గెలవలేకపోతుంటే రెండు పెంకులు తగ్గించండి. ఇరుజట్లూ కాస్త అటూ ఇటూగా సమానంగా గెలుస్తున్నంతసేపే ఆట వేడిగా ఉంటుంది.

తొక్కుడు బిళ్ల గళ్లు గురికి మంచివి. ముగ్గుపిండితో గళ్లు పెద్దవిగా గీయండి. డిస్కు ఏ గడిలో ఆగితే ఆ గడి మార్కులు. చివరి గడికి ఎక్కువ మార్కులు పెడితే అందరూ బలం చూపిస్తారు. ఎక్కువ మార్కులు మధ్యలో ఉన్న చిన్న గడికి పెట్టండి. సైకిల్ టైర్లను చెట్టు కొమ్మకు వేలాడదీసి అందులోంచి దూర్చడం, నీళ్ల సీసాలను వరుసగా పెట్టి పడగొట్టడం అందరికీ తెలిసినవే.

నడుమ దొంగ ఆటను ఏడేళ్లు నిండాకే పెట్టండి. ఇద్దరు విసురుకుంటారు, మధ్యలో ఉన్న దొంగ అందుకోవాలి. దొంగ మూడు విసుర్లకంటే ఎక్కువసేపు మధ్యలో ఉండకూడదన్న నియమం తప్పనిసరి. లేకపోతే చిన్నగా ఉన్న పిల్ల ఎప్పటికీ దొంగగానే మిగిలిపోతుంది, ఆ రోజు ఇంటికి ఏడుస్తూ పోతుంది.

ఆరో మెట్టు: రిఫరీ లేని ఆట

ఫ్రిస్బీతో ఆడే జట్టు ఆటను అల్టిమేట్ అంటారు. 1968లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, మేపుల్‌వుడ్ ఊళ్లో హైస్కూలు విద్యార్థులు మొదలుపెట్టిన ఆట ఇది. జట్టుకు ఏడుగురు. డిస్కు చేతిలో ఉన్నవాళ్లు పరుగెత్తకూడదు, పది సెకన్లలో జట్టులో ఇంకొకరికి విసరాలి. కింద పడితే డిస్కు ఎదుటి జట్టుది. మైదానం చివర ఉన్న గీత దాటి నిలబడ్డ మనవాళ్లు పట్టుకుంటే పాయింటు. ప్రపంచ పోటీల్లో కూడా తప్పొప్పులను రిఫరీ కాకుండా ఆటగాళ్లే మాట్లాడుకుని తేల్చుకుంటారు. మన దేశంలో చెన్నై, బెంగళూరు, అహ్మదాబాద్ లాంటి నగరాల్లో దీన్ని ఆడే జట్లు ఉన్నాయి, హైదరాబాదులోనూ ఆడుతున్నారు. ఆడపిల్లలు, మగపిల్లలు ఒకే జట్టులో ఆడే పద్ధతి ఇందులో బాగా స్థిరపడింది.

ఏడెనిమిదేళ్ల వాళ్లకు దాన్ని కుదించుకోవాలి. జట్టుకు ముగ్గురు. కబడ్డీ కోర్టంత చోటు. పది సెకన్ల బదులు పక్కన ఉన్నవాళ్లంతా కలిసి గట్టిగా అయిదు అంకెలు లెక్కపెడతారు. డిస్కు పట్టుకున్నవాళ్లకు ఎదుటి జట్టువాళ్లు రెండడుగుల దూరంలో ఉండాలి, చేతిలోంచి లాక్కోకూడదు. పాయింటుకు ముందు జట్టులో ముగ్గురూ ఒక్కసారైనా డిస్కు ముట్టుకుని ఉండాలి. ఈ చివరి నియమం లేకపోతే ఇద్దరు గట్టి పిల్లలే ఆట మొత్తం ఆడేస్తారు.

తగవు వచ్చినప్పుడు మన పాత్రే కష్టమైనది. "టీచర్, వాడు తొండి చేశాడు" అని పరుగెత్తుకొస్తారు. తీర్పు చెప్పడం మనకు సులువు, అందుకే చెప్పకుండా ఉండటం కష్టం. డిస్కును నేల మీద పెట్టించి, ఇద్దరినీ దాని ఇటూ అటూ నిలబెట్టి, ఎవరికి ఏం కనిపించిందో ఒకరి తరువాత ఒకరిని చెప్పమంటాను. ఒప్పందం కుదిరితే సరే. కుదరకపోతే డిస్కు ముందు విసిరినవాళ్ల చేతికి వెళ్తుంది, ఆ విసురు మళ్లీ ఆడతారు. అల్టిమేట్ ఆడే పెద్దలూ తేలని తగవును ఇలాగే దాటిపోతారు. మొదట్లో ప్రతి ఆటలో నాలుగైదుసార్లు డిస్కు నేల మీదికి వస్తుంది, విసుక్కోకండి. "నా కాలే గీత తొక్కింది" అని ఒక పిల్లవాడు తనంతట తాను చెప్పిన రోజున ఆట ఆపి అందరికీ వినిపించేలా మెచ్చుకోండి.

ఎంతసేపు, ఎన్ని రోజులు

ఒక పూటకు అరగంట. మొదటి అయిదు నిమిషాలు పరుగులు, తరువాత పది నిమిషాలు ఆ వారం మెట్టు, మిగతాదంతా ఆట. వారానికి రెండు మూడు పూటలు కుదిరితే ఒక్కో మెట్టుకు వారం, పట్టుకోవడానికి మాత్రం రెండు వారాలు ఉంచండి. మెట్టు ఎక్కలేని పిల్లలను కింది మెట్టు ఆటలోనే ఉండనివ్వండి, వంతెన ఆట పెద్దపిల్లలకు కూడా ఇష్టమే. ఆట మంచి ఊపులో ఉండగానే ఆపేయండి. అలసిపోయే దాకా ఆడిన పిల్లలు మరునాడు రారు, ఇంకొంచెం కావాలనుకుంటూ వెళ్లినవాళ్లు మీకంటే ముందే మైదానంలో ఉంటారు.

రెండు వేళ్లు అంచు లోపల పెట్టి, అరచేయి పైకి ఉంచి పక్క నుంచి విసిరే పద్ధతి ఒకటి ఉంది. పెద్ద పిల్లలు ఆడుతుంటే చూసి చిన్నవాళ్లు అది నేర్పమని అడుగుతారు. మణికట్టు నిలకడగా ఆడటం వచ్చేదాకా, అంటే దాదాపు తొమ్మిదేళ్ల దాకా ఆగమని చెబుతాను. చిన్న వేళ్లకు డిస్కు బరువు ఆగక మణికట్టు మెలిపడుతుంది.

పూట ముగిశాక డిస్కులు ఏరడం పిల్లల పనే. ఒక్కొక్కరూ తమ డిస్కు అంచు చుట్టూ బొటనవేలు నడిపి చూస్తారు. ఎక్కడైనా గరుకు తగిలితే నాకు చూపిస్తారు, గరుకుకాగితంతో రుద్దుతాం. చీలిక ఉంటే ఆ డిస్కును పక్కన పెట్టేస్తాం. మట్టి కడిగి, అట్ల దొంతరలా ఒకదాని మీద ఒకటి బల్లపరుపుగా పేర్చి, నీడలో పెడతారు. ఎండలో వదిలేసిన డిస్కు వంకర తిరుగుతుంది. వంకర తిరిగిన డిస్కును ఎంత బాగా విసిరినా అది ఆడుతున్న పిల్లలదే తప్పన్నట్లు పక్కకు పోతుంది.